సత్తికి, క్యాపిటల్ పక్క వీధి నుంచి

వాషింగ్టన్,
జనవరి 10, 2021

ఒరేయ్ సత్తీ,

నీ మెసేజ్‌లన్నీ చూశాన్రా. నేను బాగానే ఉన్నాను. ఫోన్ చేద్దామంటే గొంతు పెగలడం లేదు, అందుకే రాస్తున్నా.

మా ఇంటి నుంచి క్యాపిటల్ భవనం, అంటే ఇక్కడి పార్లమెంటు, నడిస్తే పది నిమిషాలు. బుధవారం మధ్యాహ్నం ఒంటిగంట దాటాక సైరన్లు ఆగలేదు. దగ్గర్లోనే రిపబ్లికన్ పార్టీ ఆఫీసు దగ్గర పైపు బాంబు దొరికిందన్నారు. మనసాగక మాస్కు తగిలించుకుని సుప్రీంకోర్టు మూల దాకా వెళ్లాను. వెళ్లకుండా ఉండాల్సింది.

లోపల అధ్యక్ష ఎన్నికలో బైడెన్ గెలుపును ఖాయం చేసే లెక్కింపు. ఎన్నిక దొంగిలించారని ట్రంప్ సభలో చెప్పిన మాట పట్టుకుని వచ్చిన జనం బయట. రెండు గంటల ప్రాంతంలో బారికేడ్లు లాగేసి మెట్ల మీదకు ఎగబడ్డారు. అడ్డం నిలబడ్డ పోలీసులు గుప్పెడు మంది. గాలికి ఏదో ఘాటు కొట్టి, పొయ్యిలో ఎండుమిరపకాయలు పడ్డప్పటిలా గొంతు పట్టేసింది.

నా పక్కనే మన నాన్నల వయసాయన ఒకాయన గట్టు మీద కూర్చుని శాండ్‌విచ్ తిన్నాడు. మనవరాలికి వీడియో కాల్‌లో భవనం చూపించి మురిసిపోయాడు. కాగితం కింద పడేయకుండా మడిచి జేబులో పెట్టుకున్నాడు. లేచి, కేకలు వేస్తూ ఆ మెట్లవైపే పరిగెత్తాడు. నాలుగు రోజులైనా ఆ మడిచిన కాగితం నా కళ్ల ముందు నుంచి పోవడం లేదురా. ఆ జెండాల మధ్య మన మువ్వన్నెల జెండా కూడా ఎగిరిందని తర్వాత వీడియోలో చూశాను. కడుపులో దేవినట్టయింది.

సాయంత్రం ఆరింటి నుంచి కర్ఫ్యూ. ఐదుగురు పోయారు.

ఒక్క విషయం మాత్రం నీకు చెప్పి తీరాలి. ఆ గందరగోళంలోనే ఎగువ సభ సెనేట్ సిబ్బంది, రాష్ట్రాల ఎలక్టర్లు వేసిన ఓట్ల పత్రాలున్న చెక్కపెట్టెలు మోసుకుని బయటపడ్డారు. తోలు పట్టీలున్న పెట్టెలు. ఫోటో చూడగానే నువ్వే గుర్తొచ్చావు. పంచాయతీ ఎన్నికల డ్యూటీలో బ్యాలెట్ పెట్టె ఒళ్లో పెట్టుకుని, రాత్రంతా కునుకు తీయకుండా వ్యాన్‌లో వచ్చానన్నావే, అప్పుడు నవ్వాను నేను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తోంది. ఆ బుధవారం రాత్రే సభ్యులు మళ్లీ కూర్చుని, తెల్లవారుజామున మూడున్నర దాటాక లెక్క ముగించారు. ఆ ఎలక్టర్ల ఓట్లలో బైడెన్‌కు 306, ట్రంప్‌కు 232. అప్పటిదాకా నేనూ పడుకోలేదు.

అక్కడ పంచాయతీ షెడ్యూల్ వచ్చిందటగా, మళ్లీ డ్యూటీ పడితే రాయి. భోగి రోజు ఓసారి మా అమ్మ దగ్గరికి వెళ్లి నేను క్షేమమని చెప్పు. ఇల్లు అంత దగ్గరని మాత్రం చెప్పకు.

నీ,
రాంబాబు