దిద్దిన మాట నిజమే, ఎటు దిద్దారో చూడండి

సంపాదకులకు,

భూమి వేడెక్కుతోందన్న వార్త వచ్చిన ప్రతిసారీ ‘పాత ఉష్ణోగ్రతలు దిద్ది ఈ లెక్క పుట్టించారు’ అనేవారుంటారు. దిద్దిన మాట నిజమే, అందులో దాపరికమూ లేదు. ఎందుకు దిద్దారు, దిద్దాక లెక్క ఎటు జరిగింది అన్నది మాత్రం ఎవరూ అడగరు.

భూగోళంలో 70 శాతం సముద్రమే. పూర్వం ఓడ మీంచి కాన్వాసు బకెట్‌ను తాడుతో దించి, నీళ్లు పైకి లాగి, అందులో థర్మామీటరు ముంచేవారు. తడిసిన కాన్వాసుకు గాలి తగిలి, కుండలో నీళ్లలాగే ఆ నీళ్లూ చల్లబడేవి. తర్వాత రోజుల్లో ఇంజన్‌ను చల్లబరచడానికి లోపలికి తీసుకునే నీటిని కొలిచారు. ఇంజన్ గది వేడికి అక్కడ కాస్త ఎక్కువే చూపేది. ఈ రెంటినీ ఉన్నవున్నట్టు పక్కపక్కన పెడితే లేని వేడి కూడా లెక్కలోకి వస్తుంది. అందుకని పాత అంకెలను పైకి సవరించారు. దాంతో భూగోళం మొత్తం మీద దీర్ఘకాలపు పెరుగుదల, సవరించని లెక్కలో కంటే తగ్గింది. వేడిని పెంచి చూపాలనుకునేవాళ్లు ఇలా చేస్తారా?

నేల మీద తంతు వేరు. థర్మామీటరులో గరిష్ఠ ఉష్ణోగ్రత చూపే సూచిక, మనం చేత్తో కిందికి దించేదాకా దిగదు. సాయంత్రం ఎండ తగ్గకముందే చదివి దాన్ని దించితే, ఆ వేడే మర్నాటి ఖాతాలోనూ పడుతుంది. చదివే వేళను పొద్దుటికి మారిస్తే, కనిష్ఠ సూచికలో చలి రెండుసార్లు పడుతుంది. అంటే వాతావరణం మారకపోయినా రికార్డు చల్లబడుతుంది. అమెరికాలో చాలా కేంద్రాల్లో జరిగిందిదే. అక్కడ సవరణ వల్ల పెరుగుదల ఎక్కువైందని ఒప్పుకోవాల్సిందే.

ఈ లెక్కల మీద అనుమానంతోనే భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ముల్లర్ బృందం నేల రికార్డులను వేరే పద్ధతిలో మళ్లీ లెక్కగట్టింది. పెరుగుదల నిజమేనని, దానికి దాదాపు పూర్తిగా మనుషులే కారణమని 2012లో ఆయనే ప్రకటించారు. సూర్యుడే కారణమైతే వాతావరణంలో పై పొర అయిన స్ట్రాటోస్ఫియర్ కూడా వేడెక్కాలి, అది చల్లబడుతోంది.

అనుమానాలు పెరగడంలో పత్రికల పాత్రా కొంత ఉంది. 2024లో పెరుగుదల ఒకచోట 1.55 డిగ్రీలని, మరోచోట 1.28 డిగ్రీలని అచ్చయితే పాఠకుడు తికమకపడడా? మొదటిది ప్రపంచ వాతావరణ సంస్థ 1850–1900 సగటుతో పోల్చి చెప్పింది, రెండోది నాసా 1951–80 సగటుతో పోల్చింది. ఉష్ణోగ్రత గ్రాఫ్ వేసినప్పుడల్లా, ఏ కాలపు సగటుతో పోల్చారో దాని కింద ఒక్క వరుస వేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు