మన ట్రయథ్లాన్ సంఘం వార్షిక నివేదిక: ఈసారి సీజన్ ప్లాన్ ఎలా నడిచింది

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మనం చేసినవాటిలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించింది ఒకటే, అందుకే నివేదికలో ఎక్కువ భాగం దాని గురించే రాస్తున్నాను. మొదటిసారి అందరం కలిసి కూర్చుని సీజన్ ప్లాన్ వేసుకున్నాం. నిరుడు వరకు ఎవరికి దొరికిన ప్లాన్ వాళ్లు పట్టుకుని, ఆఫీసు పని, పిల్లల పరీక్షలు, నిద్ర ఏవీ లెక్కలోకి తీసుకోకుండా మొదలుపెట్టేవాళ్లం. రెండు నెలలు గట్టిగా చేసేవాళ్లం, మూడో నెలలో పిక్కో మోకాలో పట్టేసేది, ఇక అక్కణ్ణుంచి రేసుకు వెళ్లాలా వద్దా అన్న టెన్షన్.

ఈసారి రేసు తేదీ ముందు పెట్టుకుని వెనక్కి లెక్కేశాం. ఫుల్ డిస్టెన్స్ ట్రయథ్లాన్ అంటే ఒకదాని వెంట ఒకటి 3.8 కి.మీ. ఈత, 180 కి.మీ. సైకిల్, 42.2 కి.మీ. పరుగు, చాలా రేసుల్లో మొత్తం 17 గంటల్లోపు ముగించాలి. మన చేతిలో 30 వారాలు ఉన్నాయి. చివరి రెండు వారాలు టేపర్‌కి (రేసుకు ముందు సాధన తగ్గించడానికి), దానికి ముందు పది వారాలు రేసుకు దగ్గరగా ఉండే కఠినమైన సాధనకి, అంతకుముందు పదహారు వారాలు బేస్‌కి, అంటే నెమ్మదిగా పునాది వేసుకునే సాధనకి పోగా మిగిలిన రెండు వారాలను ఖాళీగానే వదిలేశాం. జ్వరాలు, ఇంట్లో పెళ్లిళ్లు, ఊరి ప్రయాణాలు ఎవరికైనా వస్తాయి కదా, వాటికన్నమాట. ఈ ఖాళీ వారాలు ఎందుకని మొదట్లో అడిగినవాళ్లే తర్వాత వాటిని పూర్తిగా వాడుకున్నారు.

బేస్‌లో అందరికీ కష్టమైన పని నెమ్మదిగా వెళ్లడం. పక్కవాళ్లతో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగేంత వేగమే ఉండాలని పెట్టుకున్నాం, కానీ గుంపుగా సైకిళ్లు ఎక్కగానే ఎవరో ఒకరు ముందుకు దూకేవారు, మిగతావాళ్లు వెంటపడేవారు. ఈ నెమ్మది సాధన వల్లే కండరాల్లో సన్నటి రక్తనాళాలు పెరుగుతాయి, కొవ్వును ఇంధనంగా వాడుకునే శక్తి పెరుగుతుంది, పది గంటలు దాటే పనికి కావలసింది అదే. ఇంకో సంగతి కూడా ఉంది. సాధనకు గుండె, ఊపిరితిత్తులు త్వరగా అలవాటుపడతాయి గానీ టెండన్లకూ (కండరాన్ని ఎముకకు కలిపే పట్టీలకూ) ఎముకలకూ నెలలు పడుతుంది, అందుకే ఊపిరి బాగా ఆడుతోంది కదా అని పరుగు దూరం పెంచేసినవాళ్లకే దెబ్బలు తగులుతాయి. ప్రతి నాలుగో వారం సాధన బాగా తగ్గించాలన్న నియమం పెట్టింది ఇందుకే. దాన్ని పాటించినవాళ్లు దాదాపు అందరూ స్టార్ట్ లైన్ దాకా ఆరోగ్యంగా వచ్చారు. పాటించని కొందరు రాలేకపోయారు, అది నన్ను నిజంగా బాధపెట్టింది.

లాంగ్ రైడ్ అయ్యాక బూట్లు మార్చుకుని వెంటనే ఇరవై ముప్పై నిమిషాలు పరిగెత్తే బ్రిక్ సెషన్లు క్రమంగా జరిగాయి. అంతకంటే ఎక్కువ పరుగు అక్కర్లేదు. సైకిల్ దిగిన కాళ్లు పరుగులోకి మారడం అలవాటైతే చాలు.

తిండి దగ్గరే మనం ఎక్కువ నేర్చుకున్నాం. ఒక సభ్యుడు లాంగ్ రైడ్‌లో మొదటి రెండు గంటలు ఆకలి వేయలేదని ఏమీ తినలేదు, 130 కి.మీ. దగ్గర కళ్లు తిరిగి రోడ్డు పక్కన కూలబడ్డాడు. ఆ రోజు నుంచి అందరం గంటకు 60 నుంచి 90 గ్రాముల కార్బోహైడ్రేట్ లెక్కన, మొదటి అరగంట నుంచే తినడం సాధన చేశాం. గంటకు 60 గ్రాములు దాటితే గ్లూకోజ్ ఒక్కటే అయినప్పుడు పేగులు పీల్చుకోలేవు, ఫ్రక్టోజ్ కూడా కలవాలి. కడుపుకి కూడా వారాల తరబడి అలవాటు చేయాలి, రేసు రోజు కొత్త ఎనర్జీ జెల్ నోట్లో పెట్టకూడదు. దాహంతో పని లేకుండా ఉత్త నీళ్లు అదేపనిగా తాగడమూ ప్రమాదమే, రక్తంలో సోడియం పడిపోతుంది.

ఓపెన్ వాటర్ ఈతలు, అంటే పూల్ బయట చేసే ఈతలు, అనుకున్నన్ని జరగలేదు. రెస్క్యూ పడవ రాలేదని ఒక ఉదయం ఈత రద్దు చేశాను, దూరం నుంచి వచ్చినవాళ్లకు కోపం వచ్చింది. వాళ్ల కోపం అర్థమైంది, కానీ వచ్చే ఏడాది కూడా పడవ లేకపోతే ఈత ఉండదు.

రేసుకు ఏడు వారాల ముందు చేసిన హాఫ్ డిస్టెన్స్ రేసులో చాలామంది సైకిల్ మీద బలమంతా ఖర్చుపెట్టి పరుగులో నడిచారు. అది అప్పుడే తెలియడం మంచిదైంది, అసలు రేసుకు వేగం తగ్గించుకునే టైం దొరికింది. టేపర్‌లో సాధన గంటలు సగానికి తగ్గించి, వేగంగా చేసే చిన్న ముక్కలు మాత్రం ఉంచాం. కాళ్లు బరువెక్కాయని, ఫిట్‌నెస్ పోతోందని రాత్రుళ్లు ఫోన్లు వచ్చాయి. రెండు వారాల్లో ఫిట్‌నెస్ పోదు, అలసటే పోతుంది.

బలం పెంచే వ్యాయామాల క్లాసుకు హాజరు బాగా తక్కువ. తప్పు సమయానిదే, పొద్దున్నే లాంగ్ రన్ చేసినవాళ్లను సాయంత్రం మళ్లీ రమ్మన్నాం. దాన్ని వారం మధ్యకు మారుస్తున్నాం. జమాఖర్చుల పట్టిక విడిగా పంపించాం. తెల్లవారుజామునే లేచి నీళ్లు, తిండి అందించిన వాలంటీర్లకూ ఆదివారాలు మనల్ని వదులుకున్న ఇంటివాళ్లకూ చేతులెత్తి దండం.

వచ్చే సీజన్ మొదటి సమావేశానికి వచ్చేటప్పుడు మూడు విషయాలు రాసుకుని రండి: మీ ముఖ్యమైన రేసు తేదీ, వారంలో మీకు నిజంగా దొరికే గంటలు, ఇంతకుముందు తగిలిన దెబ్బలు. రెండోదాన్ని ఇంట్లో అడిగి రాయండి.

కార్యదర్శి