వార్షిక నివేదిక 2024–25: రెల్లు, చింతపిక్కలు, వరికుచ్చు

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది ఎప్పటిలాగే బాగా జరిగింది. ఆగస్టు 29న గిడుగు రామమూర్తి పంతులుగారి జయంతి కూడా చేశాం. ఆయన పాఠాలు చెప్పిన ఒడిశాలోని ఈ పర్లాకిమిడిలోనే ఉంటూ వేసిన కుర్చీలు నింపలేకపోయాం. ఆ సంగతి సమావేశంలో మాట్లాడుకుందాం. ఇక్కడ రాయాల్సింది శరత్కాలపు నడకల గురించి, వాటిలో ఏరుకొచ్చినవాటితో పిల్లలు చేసి ప్రదర్శనకు పెట్టిన బొమ్మల గురించి.

పిల్లల డ్రాయింగ్ పుస్తకాల్లో ఈ ఋతువంటే ఎర్రబడి రాలే ఆకులు. మనవైపు ఆకు రాలేది మాఘ ఫాల్గుణాల్లో. ఆశ్వయుజంలో మహేంద్రతనయ ఒడ్డుకు వెళ్తే కనిపించేది తెల్లటి రెల్లు. దసరా సెలవుల నుంచి కార్తీక వనభోజనాల దాకా నాలుగు ఆదివారాలు పిల్లల్నీ మామ్మల్నీ వెంటబెట్టుకుని నడిచాం. ఐదోసారి బయల్దేరబోతుంటే వాయుగుండం కబురు వచ్చింది. 2018 అక్టోబరులో తిత్లీ తుపానును చూసినవాళ్లం, మబ్బు కమ్మితేనే మనకు టెన్షన్. మానేశాం.

రెల్లు విషయంలో మొదటి వారమే దెబ్బతిన్నాం. బాగా విచ్చుకున్న పూలు కోసుకొస్తే ఇల్లంతా దూది ఎగిరింది. పొత్తిలోంచి అప్పుడే బయటికి వస్తున్న పువ్వును కోసి, నీడలో తలకిందులుగా వేలాడదీస్తే నిలుస్తుందని రెండో వారానికి తెలిసింది. రావి ఆకుల్ని మూడు వారాలు బకెట్లో నానబెట్టి, పాత బ్రష్‌తో మెల్లగా రుద్దితే పసరంతా పోయి ఈనెల వల మిగిలింది. ఆ కంపు భరించిన ఇంటివారికి సంఘం రుణపడి ఉంది.

జిగురు కొనలేదు. ఒడిశా పటచిత్రాల గుడ్డకు సుద్దతో కలిపి పూసేది చింతపిక్కల జిగురే. మనమూ పిక్కలు నానబెట్టి, రుబ్బి, ఉడికించాం. మొదటి విడత బూజు పట్టింది. రెండోది ఏ రోజుకారోజు చేసుకున్నాం, బాగా అతుక్కుంది. గురివింద గింజల్ని మాత్రం పిల్లల చేతికి ఇవ్వలేదు. చూడముచ్చటగా ఉన్నా లోపల ఉన్నది విషం, నమిలితే ప్రాణం మీదికి వస్తుంది. బదులుగా బండి గురివింద గింజలు వాడాం.

సవర గిరిజనుల గోడబొమ్మలు అట్టల మీద వేయిద్దామని ఒకరిద్దరు సూచించారు. కమిటీ ఒప్పుకోలేదు. అవి పూజతో ముడిపడ్డ బొమ్మలు, సరదాకి గీసేవి కావు. ఎర్రమట్టి, బియ్యప్పిండి తెచ్చి మన ముగ్గులే వేయించాం.

అందరికీ నచ్చింది వరికుచ్చు. గుమ్మానికి కడితే పిచ్చుకలు వచ్చి గింజలు తింటాయని మామ్మలకు గుర్తుంది గానీ అల్లిక మరిచిపోయారు. పొలంలో కోత కోస్తున్న ఒక రైతు గట్టు మీద కూర్చుని నేర్పాడు. తడి ఆరకముందే అల్లాలట, ఆరితే గడ్డి విరుగుతుంది.

ప్రతి వస్తువు కింద పేరు తెలుగులోనూ ఒడియాలోనూ రాయమన్నాం. ఇబ్బంది అక్కడ బయటపడింది. రెల్లును కాశతండి అనీ ఉసిరిని అఁళా అనీ చకచకా రాసిన పిల్లలు తెలుగు దగ్గర ఆగిపోయారు. ఇంట్లో మాట్లాడేది తెలుగే, బడిలో అక్షరాలు ఒడియావి. చివరికి మామ్మలు చెబుతుంటే పెద్దపిల్లలు తప్పులతోనే రాశారు. దిద్దకుండా అలాగే పెట్టాం. నా మటుకు నాకు బొమ్మల కన్నా ఆ చీటీలే ముద్దొచ్చాయి.

ప్రదర్శనకు ఇస్తామన్న హాలుకు ఆ ఉదయం తాళం వేసి ఉంది. ఒక సభ్యుడి ఇంటి అరుగు మీదే పెట్టుకున్నాం. దారిన పోయేవాళ్లూ ఆగి చూశారు, హాల్లో అయితే అంతమంది వచ్చేవారు కాదేమో. ఖర్చు అట్టలకు, పురికొసకు, టిఫిన్లకు అయింది. లెక్కల పుస్తకం కోశాధికారి దగ్గర ఉంది, ఎవరైనా చూడవచ్చు.

ఒక మనవి. ఇప్పుడు కొత్త చింతపండు వలిచే రోజులు కాబట్టి పిక్కలు పారేయకండి. కడిగి, బాగా ఎండబెట్టి ఇవ్వండి, లేకపోతే పురుగు పడుతుంది. పోయినసారి ఒకరు పులుసు పిసికిన గిన్నెతో సహా పంపారు. ఆ గిన్నె ఇంకా మా ఇంట్లోనే ఉంది.

— కార్యదర్శి