నోరెత్తని ఆడపిల్లలనూ ఒకసారి చూడమనండి, కలెక్టర్ గారూ

నెల్లూరు జిల్లా కలెక్టర్ గారికి నమస్కారం.

మాది ఉదయగిరి. చెక్క గరిటెలు, స్పూన్లు చేసుకుని బతికే ఇల్లు. మా పాపకు ఐదేళ్లు దాటాయి. ఆటిజమని ఈమధ్యే నెల్లూరులో డాక్టరు తేల్చారు. జాలి పడతారని రాయడం లేదండీ. వైద్యం ఒక శాఖ, అంగన్‌వాడీ ఒక శాఖ, బడి ఇంకో శాఖ. మూడింటినీ ఒకచోట కూర్చోబెట్టగలిగింది మీరే కాబట్టి రాస్తున్నాను. సోమవారం అర్జీలో ఇదంతా పట్టదు.

మా పాప గోల చేసే పిల్ల కాదు. నునుపు పట్టిన స్పూన్లు ముందు పోస్తే పెద్దది మొదలు చిన్నదాని దాకా వరసగా పేరుస్తుంది, కాడలన్నీ ఒకే వైపు. బేరానికి వచ్చినవాళ్లకు చూపిద్దామని మధ్యలోంచి ఒకటి తీశామా, అది మళ్లీ దాని చోటికి చేరేదాకా బిగుసుకుపోయి కూర్చుంటుంది. దాహమైతే "నీళ్లు కావాలా?" అంటుంది. మేము తనను అడిగే మాటే, మా గొంతుతోనే. బస్సెక్కితే "ఆత్మకూరు, ఆత్మకూరు" అని అచ్చం కండక్టరు లాగా దిగేదాకా అంటూనే ఉంటుంది. విన్నవాళ్లు నవ్వి, "మాటలు బాగానే వస్తున్నాయే" అంటారు. కడుపు నొప్పి అని మాత్రం చెప్పుకోలేదు.

మగపిల్లాడు ఇట్టా ఉంటే ఎవరో ఒకరు డాక్టరుకు చూపించమనేవాళ్లు. ఆడపిల్ల మాట్లాడకపోతే అణకువ, మూల కూర్చుంటే బుద్ధిమంతురాలు. మా అంగన్‌వాడీ టీచరు మంచి మనిషే. మిగతా పిల్లకాయలకు మా పాపను చూపించి "అట్టా కూర్చోండి" అని చెప్పేది. ఆరోగ్య బృందం వచ్చింది, బరువు తూచింది, ఎత్తు కొలిచింది, పళ్లు చూసింది, పోయింది.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ప్రకారం అంగన్‌వాడీ పిల్లలను ఏడాదికి రెండుసార్లు పరీక్షించాలి. ఎదుగుదల లోపాలు, ఆటిజం కూడా ఆ జాబితాలో ఉన్నాయి. కాగితం మీద ఏ లోటూ లేదు. గుంపులో ఒక్కో బిడ్డకు ఎంతసేపు దొరుకుతుందన్నదే సమస్య. 1943లో లియో కానర్ అనే డాక్టరు ఈ స్థితి గురించి రాసిన 11 మంది పిల్లల్లో ఆడపిల్లలు ముగ్గురే. ఇప్పటి లెక్కల్లోనూ ముగ్గురు నలుగురు మగపిల్లలకు ఒక ఆడపిల్ల కనిపిస్తోంది. పక్కవాళ్లను చూసి వాళ్లలాగే చేస్తూ నెట్టుకొచ్చే ఆడపిల్లలు లెక్కకు అందకుండా పోతున్నారని డాక్టర్లే అంటున్నారు.

అందుకని బృందం వచ్చిన రోజు తల్లిని కూర్చోబెట్టి నాలుగు మాటలు అడగమనండి. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూస్తుందా? కావాల్సింది వేలుపెట్టి చూపిస్తుందా? నచ్చింది తెచ్చి నీకు చూపిస్తుందా? ఉత్తుత్తి వంటలాట ఆడుతుందా? ఏడాదిన్నర బిడ్డ తల్లినైనా ఇవి అడగొచ్చు. "మాటలొచ్చాయా?" అని ఒక్కటే అడిగితే మా పాప లాంటివాళ్లు బస్సు ఊర్లన్నీ గడగడా చెప్పేసి తప్పించుకుంటారు.

సరే, తేలింది. ఆ తర్వాత ఎక్కడికి పోవాలి? నెల్లూరులో వైకల్యం ఉన్నవాళ్లకు థెరపీ, శిక్షణ ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ సీఆర్‌సీ ఉంది. ఉదయగిరి నుంచి వంద కిలోమీటర్లకు అటూ ఇటూ. పోయిన రోజు కూలి పోయినట్టే, పైగా హారన్ మోగితే చెవులు మూసుకుని సీటు కిందకు దూరే బిడ్డ. ప్రైవేటు థెరపీ మా తాహతుకు మించింది. మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం బడుల పథకం సమగ్ర శిక్ష వాళ్ల భవిత కేంద్రాలున్నాయి కదా, వారంలో ఒక ఖాయమైన రోజు మాటలు నేర్పే స్పీచ్ థెరపిస్టు అక్కడికి వచ్చే ఏర్పాటు చేయండి. బిడ్డతో గంట సేపు కూర్చోకపోయినా ఫర్వాలేదు, ఎట్టా మాట్లాడించాలో తల్లులకు నేర్పిస్తే మిగతా ఆరు రోజులూ మేము చూసుకుంటాం.

దానికి సదరం సర్టిఫికెట్టు, అదే వైకల్యం ఉందని ఇచ్చే కాగితం, మాత్రం అడగనివ్వొద్దు. 1995 వికలాంగుల చట్టంలో లేని ఆటిజాన్ని 2016 చట్టం 21 వైకల్యాల్లో ఒకటిగా చేర్చింది, మంచిదే. సదరంలో వైకల్యం 40 శాతం వస్తే నెలకు 6,000 పింఛను, అదీ కాదనను. కానీ ఆడపిల్ల ఉన్న ఇంట్లో ఆ కాగితం పేరెత్తితేనే గొడవ. "రేపు సంబంధాలు చూసేటప్పుడు ఇది బయటపడితే?" అని మా అత్త. ఐదేళ్ల బిడ్డకు పెళ్లి దిగులు! నేను వినలేదు, సదరం పరీక్షకు స్లాట్ పెట్టించాను. వినే కోడళ్లు చాలామంది ఉంటారు. వాళ్ల పిల్లలు భవిత గుమ్మం దగ్గరే ఆగిపోతారు.

బడి సంగతి ఇంకో లేఖంత ఉంది. ప్రాథమిక స్థాయిలో ప్రత్యేక అవసరాలున్న 10 మంది పిల్లలకు ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడుండాలని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. మాకు తెలిసిన ఒక బడి మాత్రం "మా వల్ల కాదమ్మా" అని చేతులెత్తేసింది. జూన్‌లో పాప ఒకటో తరగతి.

ఆలోపు ఉదయగిరి భవితకు ఏ రోజు ఎవరొస్తారో ఖాయం చేసి, మండలంలోని అంగన్‌వాడీ టీచర్లందరికీ ఆ రోజేదో చెప్పించండి. పిల్లలను తీసుకురావడం మా పని.

ఇట్లు,
ఒక తల్లి,
ఉదయగిరి