మీ యాప్‌లో చూపించింది 5,499, మా చెల్లికి నెలకు అవుతున్నది 8,280

హైదరాబాద్,
6 సెప్టెంబర్ 2025

కస్టమర్ కేర్ విభాగం వారికి,

విషయం: లేడీస్ హాస్టళ్ల రేట్లు తప్పుగా పోల్చి చూపించడం, జీఎస్టీ పేరుతో తీసుకున్న 2,340 రూపాయలు వాపసు ఇవ్వడం గురించి.

నమస్తే అండి.

ఇదే విషయం మీ చాట్‌లో రెండుసార్లు, ఫోన్‌లో ఒకసారి చెప్పాను. మూడుసార్లూ "హాస్టల్ వాళ్లను అడగండి" అన్నారు. హాస్టల్ ఆంటీని అడిగితే "మాకేం తెలియదమ్మా, యాప్ వాళ్లే వేస్తున్నారు" అంటున్నారు. ఈలోగా మీరు నా టికెట్ పరిష్కారమైపోయిందని మూసేశారు. ఏమీ పరిష్కారం కాలేదు. అందుకే ఈసారి మొదటి నుంచి మొత్తం రాస్తున్నాను, కొంచెం ఓపికగా చదవండి.

మా చెల్లి బీటెక్ అయిపోయాక అమీర్‌పేటలో మైత్రీవనం దగ్గర కోర్సులో చేరింది. క్లాసు ఉదయం 7 గంటలకే. నేనుండేది వనస్థలిపురంలో, అత్తమామలతో కలిసి సింగిల్ బెడ్‌రూమ్ ఇంట్లో. తనని నా దగ్గరే పెట్టుకోవాలని నాకు ఎంత ఉన్నా కుదిరే పని కాదు. మగపిల్లలైతే నలుగురు కలిసి ఒక గది తీసుకుని వండుకు తింటూ బతికేస్తారు, మా నాన్న మాత్రం "హాస్టల్ అయితేనే పంపిస్తా, లేకపోతే వద్దు" అన్నారు. మిర్యాలగూడ దగ్గర సాగర్ ఎడమ కాలువ కింద రెండెకరాల వరి మాది. చెల్లి ఖర్చుకు నెలకు 9,000 పంపగలనని లెక్కేసుకుని చెప్పారు. ఆ 9,000లో ఏ హాస్టల్ పడుతుందో చూడమని నాకు అప్పజెప్పారు. నేను మీ యాప్‌ని నమ్మాను.

అందులో "పోల్చి చూడండి" అని ఒక బటన్ పెట్టారు కదా, మూడు హాస్టళ్లు పక్కపక్కన వస్తాయి. అమీర్‌పేటది 5,499 నుంచి, ఎస్సార్ నగర్‌ది 6,800, యూసుఫ్‌గూడది 7,500. మొదటిదాని మీద పచ్చరంగులో "అన్నిటికంటే తక్కువ" అని రాసి ఉంది, దాని కిందే "ఒక్క బెడ్ మాత్రమే మిగిలింది" అని ఎర్రగా మెరుస్తోంది. ఆ టెన్షన్‌లో అదే బుక్ చేశాం. డబ్బు కట్టే పేజీకి వెళ్లాక తెలిసింది, 5,499 అనేది ఆరుగురుండే గదికట, అది ఖాళీ లేదట, నలుగురి షేరింగ్ 6,500 అట. దాని మీద మీ సర్వీసు ఛార్జి 499. జూన్ 2న సామాను తీసుకెళ్లి చూస్తే ఆ గదిలోనే రెండు మంచాలు ఖాళీగా ఉన్నాయి. వారం తర్వాత నేను మళ్లీ యాప్ తెరిచి చూశాను, అప్పటికీ అదే ఎర్ర అక్షరాలు, ఒక్క బెడ్ మాత్రమే మిగిలిందని. ఆ రోజు నాకు నిజంగా ఏడుపొచ్చినంత పనైంది, ఎందుకంటే ఆ ఒక్క మాట చూసే నేను మిగతా రెండు హాస్టళ్లకు వెళ్లి చూడకుండా డబ్బు కట్టేశాను.

ఇక ఖర్చు సంగతి. నేను ఒక నోటుబుక్‌లో ప్రతి నెలా రాస్తూ వచ్చాను, ఆ పేజీ ఫోటో జత చేస్తున్నాను. అద్దె 6,500. దాని మీద 12 శాతం జీఎస్టీ అని 780, ఇది మీ రసీదులోనే ఉంది. కరెంటుకు 400. వాషింగ్ మెషిన్‌కు 200, అది కట్టకపోతే ఆ గదికి తాళం వేస్తారు. ఇవే 7,880 అయ్యాయి. ఆదివారం రాత్రి మెస్ ఉండదు. మధ్యాహ్నం చికెన్ పెట్టాం కదా అని రాత్రి వంట బంద్ చేస్తారు, ఇది చేరేదాకా ఎవరూ చెప్పలేదు. బయట తినాలంటే 9కల్లా గేటు మూసేస్తారు, అందుకని చెల్లి ఏడింటికే వెళ్లి కర్రీ పాయింట్‌లో ఏదో ఒకటి కట్టించుకుని వచ్చి, ఆకలేసేసరికి చల్లారిపోయిన అన్నం తింటుంది. నెలకు నాలుగు ఆదివారాలు, వంద చొప్పున 400. మొత్తం 8,280.

అడ్వాన్స్ 5,000 తీసుకున్నారు. ఖాళీ చేసేటప్పుడు అందులోంచి మెయింటెనెన్స్ కింద 1,500 పట్టుకుంటారట. తను ఉండేది ఆరు నెలలు. ఆ 1,500ని ఆరు నెలలకు పంచితే నెలకు ఇంకో 250, అంటే 8,530. మీ 499 ఇందులో కలపలేదు.

నాన్న పంపే 9,000లో చేతికి మిగిలేది 720. ఫోన్ రీచార్జి, జిరాక్సులు, సబ్బులు, ప్యాడ్లు, ఒంట్లో బాగాలేకపోతే మందులు, అన్నీ అందులోనే. తను నాన్నని అడగలేదు, నన్నూ అడగలేదు. ఆగస్టులో మూడు రోజులు జ్వరంతో పడుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లకుండా మాత్రలు కొనుక్కుని వేసుకుందని పక్క బెడ్ అమ్మాయి చెప్తే తెలిసింది నాకు.

ఇప్పుడు యూసుఫ్‌గూడ హాస్టల్ సంగతి వినండి, మీ యాప్‌లో 7,500 అని ఎక్కువ రేటు కింద పడేసింది. చెల్లి క్లాస్‌మేట్ అక్కడే ఉంటుంది, పోయిన నెల నేను స్వయంగా వెళ్లి చూసి వచ్చాను. 7,500లోనే కరెంటు, వాషింగ్ మెషిన్, ఆదివారం రాత్రితో సహా మూడు పూటలా భోజనం. జీఎస్టీ అని పైసా తీసుకోవట్లేదు. అడ్వాన్స్ 3,000, ఖాళీ చేసేటప్పుడు 500 మాత్రమే పట్టుకుంటారు, ఆరు నెలలకు పంచితే 83. మొత్తం 7,583. మీ పోలికలో మా హాస్టల్ దానికంటే 2,001 తక్కువ, నిజం లెక్కలో దాదాపు 950 ఎక్కువ. ఆరు నెలలకు 5,700 దాకా తేడా. మా ఇంట్లో అది చిన్న మొత్తం కాదండీ.

ఆ హాస్టల్ పక్కన "క్లాసుకు దూరం, ప్రయాణ ఖర్చు అదనం" అని కూడా రాశారు. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద తెలంగాణలో ఆడవాళ్లకు ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు, సిటీలో కూడా ఆధార్ చూపిస్తే జీరో టికెట్ కొట్టి ఇస్తారు. యూసుఫ్‌గూడ నుంచి అమీర్‌పేట బస్సెక్కితే ఖర్చు సున్నా. ఆడపిల్లల హాస్టళ్లనే పోల్చి చూపించే కంపెనీకి ఈ సంగతి తెలియకపోతే ఎలా? మెట్రో ఛార్జీలు ఈ మే నెలలో పెరిగాయి, అందుకని మెట్రో పక్కన ఉన్న హాస్టల్‌కు ఎక్కువ అద్దె కట్టడం కంటే బస్ స్టాప్ దగ్గరున్నది తీసుకోవడమే అమ్మాయిలకు కలిసొస్తుంది. ఎస్సార్ నగర్‌ది కూడా అంతే, 6,800 అన్నారు గానీ అందులో మధ్యాహ్నం భోజనం లేదు. అది చిన్న అక్షరాల్లో ఎక్కడో కింద ఉంది.

జీఎస్టీ గురించి విడిగా రాయాలి, ఎందుకంటే దీనికి మీరే నేరుగా జవాబు చెప్పాలి. 2024 జూన్ 22న జరిగిన జీఎస్టీ కౌన్సిల్ 53వ సమావేశంలో, ఒక మనిషికి నెలకు 20,000 మించకుండా, కనీసం 90 రోజులు వరసగా ఉండే వసతికి మినహాయింపు ఇవ్వాలని నిర్ణయించారు. అదే సంవత్సరం జూలై 15 నుంచి అది అమల్లో ఉంది. మా అద్దె 6,500. మేం బుక్ చేసింది ఆరు నెలలకు, మీ యాప్‌లోనే. జూన్ 2 నుంచి ఆగస్టు 31కే 91 రోజులు అయ్యాయి. మరి 780 చొప్పున మూడు నెలలు 2,340 ఎందుకు తీసుకున్నారు? రసీదు మీద జీఎస్టీ నంబరు కూడా లేదు. ఫోన్లో మాట్లాడిన అబ్బాయి "హోటళ్లకు ఉంటుంది కదా మేడమ్" అన్నాడు. ఇది హోటల్ కాదు, నా చెల్లి సూట్‌కేసు మంచం కింద పెట్టుకుని చదువుకుంటున్న హాస్టల్. మీ సర్వీసు ఛార్జి మీద పన్ను ఉంటే అది వేరే సంగతి, నేనడిగేది అద్దె మీద వేసిన దాని గురించి. ఆ డబ్బు నిజంగా ప్రభుత్వానికి కట్టారో లేదో కూడా చెప్పండి.

ఇంకొకటి. జూలై మధ్యలో ఆ నలుగురి గదిలో ఐదో మంచం వేశారు. సరిగ్గా చెల్లి బీరువా ముందు వేశారు. తలుపు జానెడు మాత్రమే తెరుచుకుంటుంది, తను చెయ్యి పక్కగా దూర్చి, చున్నీ ఒకసారి, టాప్ ఒకసారి గుంజుకుని తీసుకుంటుంది. మొన్న నేను వెళ్లినప్పుడు ఆ బీరువా అంచుకి గీసుకుని మోచేతి మీద ఎర్రగా చార ఉంది. ఆంటీని అడిగితే "అడ్జస్ట్ అవ్వాలమ్మా, ఒక్క నెలే" అన్నారు, రెండో నెల కావస్తోంది. అద్దె నలుగురి షేరింగ్‌దే తీసుకుంటున్నారు, మీ యాప్‌లో ఇప్పటికీ నాలుగు మంచాల ఫోటోనే ఉంది. మీరు ఒక్కసారైనా ఎవరినైనా పంపి చూసుకుంటారా? ఊళ్లల్లో ఉండే తల్లిదండ్రులు ఆ ఫోటో చూసే కూతుర్ని పంపిస్తున్నారు, నగరం ఎలా ఉంటుందో తెలియని వాళ్లు "యాప్‌లో ఉంది కదా, మంచిదే అయ్యుంటుంది" అనుకుంటున్నారు. మా నాన్న కూడా అలాగే అనుకున్నారు.

నేను అడిగేవి ఇవి. జీఎస్టీ కింద తీసుకున్న 2,340 వాపసు ఇవ్వాలి, ఈ నెల నుంచి వేయకూడదు. ఐదో మంచం తీయించాలి, లేదా ఐదుగురి షేరింగ్ రేటుకు తగ్గించి జూలై మధ్య నుంచి తేడా వెనక్కి ఇవ్వాలి. అదీ కుదరదంటే నెల రోజుల నోటీసు అడగకుండా, మెయింటెనెన్స్ పట్టుకోకుండా అడ్వాన్స్ 5,000 పూర్తిగా ఇప్పించండి, తనని యూసుఫ్‌గూడకు మార్చుకుంటాం. పోల్చి చూపించే పేజీలో అద్దె, కరెంటు, మెయింటెనెన్స్, ఏ పూట భోజనం లేదు, అన్నీ కలిపి నెలకు ఎంతో ఒకే అంకెగా పెట్టండి. ఒకచోట ఆరుగురి గది రేటు, ఇంకోచోట ముగ్గురి గది రేటు పక్కపక్కన పెట్టి ఇది తక్కువ అని చెప్పకండి.

ధర ముందు తక్కువ చూపించి చివర్లో పెంచడం, లేని కొరత ఉన్నట్టు చూపించి తొందరపెట్టడం, ఈ రెండూ కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబర్ 30న ఇచ్చిన మార్గదర్శకాల్లో నిషేధించిన 13 పద్ధతుల్లో ఉన్నాయి. ఆ రోజు నేను తీసిన స్క్రీన్‌షాట్లు నా దగ్గర ఉన్నాయి. 15 రోజులు చూస్తాను. రాతపూర్వకంగా జవాబు రాకపోతే 1915కి ఫోన్ చేసి వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేస్తాను, తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 5 లక్షల లోపు కేసుకు అక్కడ ఫీజు కూడా లేదని తెలుసుకున్నాను.

మూడు నెలల రసీదులు, నోటుబుక్ పేజీ, గదిలో ఐదు మంచాల ఫోటో, స్క్రీన్‌షాట్లు జత చేశాను. ఫోన్ చేయాలనుకుంటే నాకే చేయండి, బుకింగ్‌లో ఉన్న నంబరుకే, సాయంత్రం 6 దాటాక. చెల్లికి చేయకండి, ఈ నెలాఖరులో తనకి ప్రాజెక్టు ఉంది. మా నాన్నకి అసలే చేయకండి, ఆ గదిలో ఐదో మంచం వేసిన సంగతి ఆయనకు ఇంకా చెప్పలేదు.

ఇట్లు,
మీ కస్టమర్,
వనస్థలిపురం