పోయినేడు చెప్పులకు కాపలా, ఈ ఏడు బతుకమ్మ

సద్దుల బతుకమ్మ రోజు మా గల్లీలో అందరితో పాటు వంగి చప్పట్లు కొట్టాను, ముప్పావు గంట. ఇందులో వింతేముంది అంటారా? పోయినేడు అదే చోట ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని అందరి చెప్పులకూ కాపలా కాశాను.

చిక్కడపల్లిలో 22 ఏళ్లుగా బ్లౌజులు కుడుతున్నా. రెండేళ్ల కిందట నడుం పట్టేసింది. ఎమ్మారైలో డిస్క్ బల్జ్ అని వచ్చింది, అంటే వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి దిండు కాస్త బయటికి ఉబ్బిందన్నమాట. ఒకచోట "ఇక జన్మలో వంగొద్దు" అన్నారు. ఆ మాట నాలో ఎంత పాతుకుందంటే, కింద పడ్డ సూది తీయడానికి కూడా మా అబ్బాయిని కేకేసేదాన్ని. వంటకీ బెల్టే, కుట్టుకీ బెల్టే. నొప్పి మాత్రం పోలేదు.

జూన్‌లో విద్యానగర్‌లో ఒక ఫిజియో మేడమ్ దగ్గరికి వెళ్లాను. మా అమ్మాయి ఈడే. మొదటి రోజు నడుముకు కరెంటు మిషన్ పెట్టలేదు, టేబుల్ ఎక్కించలేదు. మూత్రం ఆపుకోగలుగుతున్నానా, తొడల మధ్య తిమ్మిరి ఉందా, కాలు బలం తగ్గిందా, జ్వరం వస్తోందా, అన్నీ అడిగారు. వీటిలో ఏదున్నా ముందు డాక్టరు దగ్గరికే పంపేవారట.

తర్వాత నా రిపోర్టు చూసి, చాలా అధ్యయనాలు కలిపి 2015లో తేల్చిన లెక్క చెప్పారు. ఏ నొప్పీ లేని 50 ఏళ్లవాళ్లలో కూడా నూటికి 60 మందికి బల్జ్ కనిపిస్తుందట. నాకు కోపమొచ్చింది. అంటే నాది ఉత్త ఊహా?

"నొప్పి నిజమే ఆంటీ" అన్నారు. నెలల తరబడి ఉండిపోయిన నొప్పిలో దెబ్బ మానినా నరాలు అదిరిపడుతూనే ఉండొచ్చట. మా అపార్ట్‌మెంట్లో పిల్లి దూకినా కూసే కారు ఒకటుంది. నా నడుమూ అంతేనని అప్పుడర్థమైంది.

ఏం చేయాలనుందని అడిగితే బతుకమ్మ అన్నా. ముందు స్టూలు మీద చేతులాన్చి పదిసార్లు వంగడం. తర్వాత గుడ్డల మూట, ఆపైన 5 కిలోల బియ్యం సంచి. ప్రతి 25 నిమిషాలకూ ఫోన్‌లో అలారం, మిషన్ మీంచి లేవడం. మెట్రో స్టేషన్‌లో లిఫ్టు బంద్, మెట్లే. నొప్పి లేని రోజు ఆరు బ్లౌజులు లాగేసి మర్నాడు మంచం పట్టడం నా అలవాటు. దాన్ని మాన్పించడానికే ఆవిడ ఎక్కువ తిప్పలు పడ్డారు. బాగున్నా బాగోకపోయినా రోజుకు మూడే.

నాలుగో వారం మళ్లీ పట్టేసింది. ఏడుస్తూ ఫోన్ చేశా. "సగం చేయండి, ఆపొద్దు" అన్నారు. ఐదు రోజుల్లో సర్దుకుంది. ఇప్పటికీ అప్పుడప్పుడు పలకరిస్తుంది, కానీ భయం లేదు.

దసరా బ్లౌజులు ఆలస్యమైనా ఓర్చుకున్న వదినలకు, "నేను తీస్తాలే" అనడం కష్టపడి మానేసిన మా ఆయనకు థ్యాంక్స్. మేడమ్, మీకు రెండు చేతులా నమస్కారం. దీపావళి చీర బ్లౌజు గుడ్డ పంపండి. లైనింగ్ నాదే, డబ్బుల మాటెత్తితే ఊరుకోను.