గ్రేడ్ 8 అంటే ఏ దేశపు 8?

సంపాదకునికి,

మా అమ్మాయి బ్రిటన్ బోర్డు ఏబీఆర్‌ఎస్‌ఎం పియానో పరీక్షలో గ్రేడ్ 5 పాసైంది. కెనడాలో ఉంటున్న మా ఆడపడుచు కొడుకు టొరంటోలోని రాయల్ కన్జర్వేటరీ అనే సంగీత విద్యాలయం పియానో పరీక్షల్లో లెవెల్ 7. ఫోన్లో ఈ మాట వినగానే మా అత్తయ్య “వాడే ముందున్నాడన్నమాట!” అని తేల్చేశారు. బ్రిటన్ గ్రేడ్లు 8తో ఆగుతాయి, కెనడా లెవెళ్లు 10 దాకా వెళతాయి. ఆపైన రెండు చోట్లా డిప్లొమాలే. ఇక ఆ 5నూ ఈ 7నూ ఎలా పోలుస్తాం?

బ్రిటన్‌లో గ్రేడ్ 6 నుంచి యూనివర్సిటీ ప్రవేశాలకు యూకాస్ పాయింట్లు వస్తాయి. మన ఈఏపీసెట్‌లో అవేం కలవవు. అయినా ఇక్కడి తల్లిదండ్రులకు గ్రేడ్ టెన్షన్ తక్కువేం కాదు, నాతో సహా.

ఏబీఆర్‌ఎస్‌ఎం ప్రాక్టికల్ పరీక్షలో 150 మార్కులకు 90 మూడు పాటలకే. కొత్త నొటేషన్ చూసి అక్కడికక్కడే వాయిస్తే వచ్చేవి 21. అందుకే మా పిల్లకు టీచరు ఏడాదంతా ఆ మూడు పాటలే రుద్దించారు. మొన్న చుట్టాలొచ్చి ఏదైనా వాయించమంటే నాలుగో పాట రాలేదు. పరీక్షలు మానేయమని అనను, గడువుంటేనే మా పిల్ల పియానో ముందు కూర్చుంటుంది. రెండు గ్రేడ్లకు ఒకసారి రాయిస్తే చాలదా?

– ఒక తల్లి, హైదరాబాద్